మొక్కజొన్న పుడ్డింగులో మొక్కజొన్న ఏది?

భీమిలి తీరంలో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి తినబోయే పిల్లవాణ్ణి వారించి, ఇంటికి వెళ్లాక కస్టర్డ్ పొడితో చేసిన పచ్చని పుడ్డింగును "ఇదీ మొక్కజొన్నే, బలం" అని తినిపించే తల్లిదండ్రులు ఉన్నారు. ఈ విపరీతాన్ని ఖండించక తప్పదు.

కార్న్‌ఫ్లోర్ పేరుతో దుకాణాలలో దొరికే తెల్లని పొడి మొక్కజొన్న పిండి కాదు. గింజలోని పొట్టును, మొలకను, మాంసకృత్తులను తొలగించగా మిగిలిన ఉత్త పిండిపదార్థం. బట్టలకు పెట్టే గంజికి ఇది దగ్గరి చుట్టమే. దానికి రంగు, వనిల్లా పరిమళం జోడిస్తే కస్టర్డ్ పొడి. సందేహముంటే పెట్టె వెనుక చిన్న అక్షరాలను చదవండి. నూరు గ్రాముల మొక్కజొన్న గింజలలో సుమారు 9 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఆ పొడిలో దాదాపు లేనట్టే.

అసలైన పుడ్డింగు మొక్కజొన్న రవ్వతో చేసేది. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో దీన్ని ఇండియన్ పుడ్డింగు అంటారు. మన దేశంతో సంబంధం లేదు. అక్కడ స్థిరపడిన ఆంగ్లేయులు మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవారు. రవ్వ, పాలు, చెరకు మడ్డి కలిపి గంటల తరబడి సన్నని సెగపై ఉంచేవారు. అందులో పాలు రుచికి మాత్రమే కాదు. మొక్కజొన్నలోని నయాసిన్ చాలావరకు శరీరానికి అందని రూపంలో ఉంటుంది, ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. అందుకే మొక్కజొన్న మీదనే బతికిన అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలను గత శతాబ్దారంభంలో పెల్లాగ్రా పీడించింది. అది క్రిమి వల్ల కాదు, ఆహారలోపం వల్ల వస్తుందని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నిరూపించాడు. పాలు ఆ లోటును పూరిస్తాయి.

మనకు విజయనగరం, శ్రీకాకుళం మొక్కజొన్న ఉంది, అనకాపల్లి బెల్లం ఉంది. ఇంకేం కావాలి? లీటరు పాలు మరిగించి, 80 గ్రాముల రవ్వను ఉండ కట్టకుండా చల్లుతూ ఇరవై నిమిషాలు కలపండి. దించి, కాస్త ఆరనిచ్చి, కరిగించి వడకట్టిన 100 గ్రాముల బెల్లం, శొంఠిపొడి, చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి కలపండి. మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే విరుగుతాయి, తొందరపడవద్దు. నెయ్యి రాసిన గిన్నెలో పోసి, ఓవెన్‌లో 150 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచండి. ఓవెన్ లేకుంటే మినపరొట్టె కాల్చినట్టే, మందపాటి గిన్నెకు కింద కొద్దిగా, మూతపైన మరికొంత నిప్పులు పెట్టండి. బయటికి తీసినపుడు నడుమ కొంచెం వణుకుతూనే ఉంటుంది, చల్లారాక గట్టిపడుతుంది.

రెండు గంటలా అని నిట్టూర్చేవారికి ఒక మాట. ఆ రెండు గంటలు పనిచేసేది పొయ్యి, మీరు కాదు.

ఇక "బెల్లమే కదా, షుగరుకు మంచిది" అనే వాదన నా దగ్గర చెల్లదు. బెల్లంలో అధికభాగం సుక్రోజే, అంటే చక్కెరే. పై కొలత ఆరుగురికి. మధుమేహం ఉన్నవారు తమ వంతులో సగం మనవడికి ఇచ్చి, ఆ పూట అన్నం తగ్గించుకోవాలి.