ఇల్లు అలకగానే పండుగ కాదు

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్‌లో ఒప్పందకాలం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టులో చేరవచ్చును. దీనికే ‘ఫ్రీ ఏజెన్సీ’ అని పేరు. ఏటా వేసవిలో ఆ గడియ సమీపించగానే, ఏ తార ఏ జట్టును వరించునో అన్న ఊహాగానాలు మిన్నంటుతాయి.

ధనమున్న ప్రతి జట్టూ తారలను కొనలేదు. ఎన్.బి.ఎ. లీగులో 1984-85 నుండి వేతన పరిమితి అమలులో ఉన్నది. సొంత ఆటగాణ్ణి నిలుపుకొనడానికి ఆ హద్దు దాటే వెసులుబాటు ఉన్నది కాని, బయటివానికి భారీ వేతనం ఇవ్వాలంటే హద్దు లోపల ఖాళీ ఉండి తీరాలి. అందుచేత తారలను ఆశించే జట్లు ముందుగా ఉన్నవారిని సాగనంపి చోటు చేసుకొంటాయి.

న్యూయార్క్ నిక్స్ చేసినదీ అదే. 2019 జనవరిలో ఆ జట్టు తన యువతార క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను, మరికొందరితో సహా, డల్లాస్‌కు అప్పగించింది. ఇద్దరు అగ్రశ్రేణి ఆటగాళ్ళకు గరిష్ఠ వేతనం ఇవ్వగల చోటు ఏర్పడింది. మహానగరం, జగత్ప్రసిద్ధమైన మాడిసన్ స్క్వేర్ గార్డెన్, కావలసినంత ధనం! కెవిన్ డ్యురాంట్, కైరీ ఇర్వింగ్ రాక తథ్యమని అభిమానులు మురిసిపోయారు. జూన్ 30న ఆ ఇద్దరూ న్యూయార్క్‌నే ఎంచుకొన్నారు. అయితే చేరినది నిక్స్‌లో కాదు, అదే నగరంలోని బ్రూక్లిన్ నెట్స్‌లో!

అంతకు ముందు సాగిన 82 ఆటల పోటీలో నిక్స్ గెలిచినవి 17. నెట్స్ గెలిచినవి 42. ఖాళీ రెండు ఇళ్ళలోనూ ఉన్నది. పొయ్యి వెలుగుతున్నది మాత్రం ఒక ఇంటిలోనే.

తారలు వచ్చినంత మాత్రాన నెట్స్ దశ తిరిగిందా అంటే అదీ లేదు. ఆ జంట ఉన్న కాలంలో ఆ జట్టు ప్లేఆఫ్ పోరులలో ఒక్కటే నెగ్గింది. 2023 ఫిబ్రవరిలో ఇద్దరూ వేరే జట్లకు తరలిపోయారు.

నిక్స్‌కు మేలు జరిగినది మరొక దారిన. 2022లో డల్లాస్ నుండి జేలెన్ బ్రన్సన్ వచ్చాడు. 2018 డ్రాఫ్టులో అతనిది 33వ స్థానం. నాలుగేళ్ళకు 10 కోట్ల 40 లక్షల డాలర్లు అధికమని పెదవి విరిచినవారున్నారు. అతని తండ్రి రిక్ ఒకప్పుడు నిక్స్ ఆటగాడు. ఆ ఏడాదే జట్టుకు సహాయ శిక్షకుడైనాడు. గడువుకు ముందే మంతనాలు సాగించినందుకు లీగు నిక్స్‌ను దండించి, ఒక ఎంపిక హక్కును రద్దు చేసిన మాట కూడా నిజమే.

2024లో బ్రన్సన్ మరొక ఏడాది ఆగితే దాదాపు 11 కోట్ల డాలర్లు అధికంగా దక్కేవి. సహచరులకు చోటుండాలని తక్కువకే సంతకం చేశాడు. 2025లో నిక్స్ పాతికేళ్ళ తరువాత తూర్పు విభాగపు తుదిపోరుకు చేరింది.

చోటు చూపి పిలిస్తే ఆటగాడు రావచ్చు. వచ్చినవాడు తన వాటా తగ్గించుకొనేది ఆ ఇల్లు తనదనుకొన్నప్పుడే.