పిల్లల నిపుణుల కొరత: సర్కారు సొమ్ము ఎక్కడ పెట్టాలి?

నెలలు నిండకుండా, కిలోన్నర బరువుతో పుట్టిన బిడ్డ ఎగశ్వాస తీస్తుంటే చిన్న ఆసుపత్రిలో మామూలుగా జరిగేది ఒక్కటే. పెద్దాసుపత్రికి రాసిస్తారు. 108 వస్తుంది. బాలింతరాలు మంచం మీదే ఉండిపోతుంది. అమ్మమ్మో నాయనమ్మో బిడ్డను పాత చీరలో చుట్టుకుని బండెక్కుతుంది. ఆ గంటా రెండు గంటల దారిలో బిడ్డ ఒళ్లు చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. అక్కడికి చేరాక డాక్టర్లు అసలు జబ్బు సంగతి చూసే ముందు ప్రయాణం చేసిన చేటును సరిదిద్దాలి.

2020 ఎస్‌ఆర్‌ఎస్ (నమూనా నమోదు వ్యవస్థ) లెక్కల ప్రకారం మన దేశంలో సజీవంగా పుట్టిన ప్రతి 1,000 మంది శిశువుల్లో 28 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. అందులో 20 మంది పోయింది తొలి 28 రోజుల్లోనే. ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక పిల్లల డాక్టరు ఉండాలని ప్రభుత్వమే నియమం పెట్టుకుంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలు తిరగేస్తే, దేశం మొత్తం మీద ఆ అవసరంలో దాదాపు 80 శాతం కొరత కనిపిస్తుంది. ఇదంతా మామూలు పిల్లల డాక్టర్ల సంగతి. పసికందుల నిపుణులు, పిల్లల సర్జన్లు, పిల్లల గుండె, కిడ్నీ, నరాల నిపుణులు కావాలంటే హైదరాబాదో విశాఖో విజయవాడో తిరుపతో వెళ్లాల్సిందే.

అందుకే ప్రభుత్వం ఖజానా తెరిచి ఈ నిపుణులను తయారు చేయాలి, జిల్లాల్లో నిలపాలి అనే డిమాండు వస్తోంది. నేనూ ఆ పక్షమే. కానీ ఎదుటి పక్షం దగ్గర గట్టి మాటలున్నాయి. వాటికి జవాబు చెప్పకుండా డబ్బు అడగడం సరికాదు.

ముందు మా వైపు మాట. ఈ కొరతను బజారు తనంతట తాను ఎందుకు తీర్చలేదో వార్డులో కాసేపు నిలబడితే తెలుస్తుంది. కిలోన్నర బిడ్డకు మందు ఎక్కించడానికి నరం దొరకాలి. ఒక నర్సు ఆ చిన్న చేతిని కదలకుండా పట్టుకుంటుంది. ఇంకొకరు అరచేతి కింద నుంచి టార్చి వెలుగు చూపిస్తారు. దారం పోగులా కనబడే ఆ నరంలోకి డాక్టరు సన్నటి క్యాన్యులా దించుతారు. ఒక్కోసారి అరగంట పడుతుంది. మర్నాటికి ఆ చోటు వాచిందంటే మళ్లీ మొదటికే. మందు మోతాదు మిల్లీలీటరులో పదో వంతు దాకా లెక్కగట్టాలి. పెద్దవాళ్లకు రెండు నిమిషాల్లో అయ్యే పనికి ఇక్కడ ముగ్గురు మనుషులు, అరగంట సమయం. బిల్లులో మాత్రం దానికి వేరే గడి ఉండదు. ప్రైవేటు వైద్యంలో డబ్బంతా ఆపరేషన్లలో, స్కానింగుల్లో, ప్రొసీజర్లలో ఉంది. పిల్లల వైద్యంలో పెద్ద భాగం కనిపెట్టుకుని కూర్చోవడం, తల్లికి ఓపికగా చెప్పడం. దానికి ఎవరూ రేటు కట్టరు.

ఎంబీబీఎస్‌కు ఐదున్నరేళ్లు, ఎండీకి 3, ఆపై సూపర్ స్పెషాలిటీ చదువైన డీఎంకు మరో 3. అంటే పదకొండున్నరేళ్లు. ఎండీ పిల్లల డాక్టరు సొంత ఊళ్లో క్లినిక్ పెట్టుకుని నిలదొక్కుకునే వయసులో, డీఎం చదివేవారు ఇంకా స్టైపెండ్ మీదే బతుకుతుంటారు. అంతా అయ్యాక పిల్లల కిడ్నీ నిపుణుడికి పని దొరికేది ఏ ఐదారు నగరాల్లోనో.

ఈ లెక్కను అమెరికాలో కాగితం మీద పెట్టి చూశారు. పీడియాట్రిక్స్ పత్రికలో 2021లో వచ్చిన ఒక అధ్యయనం 15 రకాల పిల్లల ఉపవిభాగాలను తీసుకుంది. వాటిలో 12 రకాల నిపుణుల జీవితకాల సంపాదన మామూలు పిల్లల డాక్టరు సంపాదన కన్నా తక్కువేనని తేల్చింది. మూడేళ్లు ఎక్కువ చదివినందుకు దక్కే ఫలితం అది. అక్కడ 2010 ఆరోగ్య చట్టంలోనే పిల్లల నిపుణుల చదువు అప్పు తీర్చే పథకం రాసుకున్నారు. దానికి మొదటిసారి సొమ్ము కేటాయించింది మాత్రం 2022లో, అదీ 50 లక్షల డాలర్లు. కొరత ఉన్నచోట మూడేళ్లు పనిచేస్తే లక్ష డాలర్ల దాకా అప్పు తీరుస్తారు. చట్టం రాయడానికీ రూపాయి విదల్చడానికీ మధ్య 12 ఏళ్లు గడిచాయి. ఆ దేశంలోని పిల్లల ఆసుపత్రుల్లో గుంటూరు, కాకినాడ, ఉస్మానియా కాలేజీల్లో చదివినవారు కనబడతారు. అమెరికా కొరతను కొంత మనమే పూడుస్తున్నాం.

ఇక ఎదుటి పక్షం. వాళ్ల మొదటి సాక్షి గడ్చిరోలి. మహారాష్ట్రలోని ఆ అడవి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పుట్టిన బిడ్డల ఇళ్లకు పంపారు. బిడ్డకు వేడి తగ్గకుండా చూడటం, తల్లిపాలు పట్టించడం, ఇన్ఫెక్షన్ లక్షణాలు గుర్తిస్తే ఇంజెక్షన్ ఇవ్వడం వాళ్లకు నేర్పారు. 1999లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయి. డీఎం డాక్టరు లేడు, వెంటిలేటర్ లేదు. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకు వెళ్లి బిడ్డను తూచి చూస్తున్నారంటే దాని మూలం అక్కడుంది. ఒక నిపుణుడి చదువుకూ జీతానికీ అయ్యే సొమ్ముతో ఎంతమంది ఆశాలకు శిక్షణ ఇవ్వవచ్చో లెక్కవేయండి అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న.

రెండో సాక్షి కర్ణాటక. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కంటిలోపలి రెటీనాను నెల రోజుల్లోగా పరీక్షించాలి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. పోయిన చూపు తిరిగి రాదు. ఆ పరీక్ష తెలిసిన కంటి డాక్టర్లు జిల్లాల్లో లేరు. 2008లో బెంగళూరులోని నారాయణ నేత్రాలయ కిడ్‌రాప్ అనే పథకం మొదలుపెట్టింది. శిక్షణ పొందిన టెక్నీషియన్ కెమెరాతో జిల్లా ఆసుపత్రికి వెళ్లి బిడ్డ కంటిలోపలి ఫొటోలు తీస్తాడు, దూరాన ఉన్న డాక్టరు చూసి చెబుతాడు. నిపుణుణ్ని ప్రతి జిల్లాలో కూర్చోబెట్టకుండానే పని జరిగింది.

ఈ రెండు ఉదాహరణలంటే నాకు గౌరవం. కానీ గడ్చిరోలి పాఠాన్ని ఇవాళ్టి తెలుగు జిల్లాలకు యథాతథంగా తెచ్చుకోలేం. అక్కడ అప్పట్లో కాన్పులు ఇళ్లలో జరిగేవి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం మన రెండు రాష్ట్రాల్లో దాదాపు 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి. తల్లులు మనం చెప్పినట్టే ఆసుపత్రికి వచ్చారు. ఇంటింటి వైద్యంతో ఆపగలిగిన మరణాలు తగ్గేకొద్దీ మిగిలేవి మరీ నెలలు తక్కువ బిడ్డలవి, పుట్టగానే ఏడవని బిడ్డలవి, పుట్టుకతో లోపాలున్నవారివి. వాటిని ఆపాల్సింది ఆసుపత్రి లోపలే. కిడ్‌రాప్‌లో కూడా అవతల ఆ ఫొటో చదవడానికి, అవసరమైతే లేజర్ చేయడానికి నిపుణుడు ఉన్నాడు కాబట్టే టెక్నీషియన్ కెమెరాకు విలువ వచ్చింది.

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. ఖజానా సొమ్ముతో చదివించిన నిపుణులు సర్కారులో నిలుస్తారా? పిల్లల సర్జరీ వంటి విభాగాల్లో సూపర్ స్పెషాలిటీ సీట్లు ఏటా మిగిలిపోతున్నాయి. తీసుకునేవారే లేనప్పుడు సీట్లు పెంచి ఏం లాభం? చేరినవారిని కొన్నేళ్లు సర్కారులో పనిచేయాలనే బాండ్‌తో కట్టేస్తే? రాష్ట్రాలు బాండ్ పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో సమర్థించింది. కానీ బాండ్ మీద వచ్చిన డాక్టరు చూపు క్యాలెండరు మీదే ఉంటుంది. గడువు తీరగానే కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లిపోతే తప్పు పట్టలేం. జీతంతోపాటు అక్కడ ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు, బ్లడ్ బ్యాంకు, రాత్రంతా మేలుకునే నర్సులు ఉంటారు. ఇవేవీ లేని జిల్లా ఆసుపత్రిలో పిల్లల సర్జన్‌ను కూర్చోబెడితే ఆయన కూడా పెద్దాసుపత్రికే రాసిస్తాడు.

అదీగాక అన్ని రకాల నిపుణులూ అన్ని జిల్లాల్లో ఉండాలనడం కూడా పొరపాటే. పసిబిడ్డ గుండె ఆపరేషన్ వంటివి ఏటా వందల సంఖ్యలో చేసే చోట చేతులు కుదురుతాయి, ఫలితాలూ బాగుంటాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో టీటీడీ మొదలుపెట్టిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం లాంటివి రాష్ట్రానికి రెండో మూడో చాలు. కేరళ 2017లో హృద్యం పథకం తెచ్చి, గుండె లోపంతో పుట్టిన ప్రతి బిడ్డ పేరునూ నమోదు చేయించి, సర్కారు ఆసుపత్రిలోగానీ ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రిలోగానీ ఉచితంగా ఆపరేషన్ చేయిస్తోంది. మన ఆరోగ్యశ్రీ 2007లోనే మొదలైంది, ఎందరో పేద పిల్లల గుండెలకు వైద్యం చేయించింది. కానీ అది ప్రధానంగా జరిగిన ఆపరేషన్‌కు బిల్లు చెల్లించే పథకం. జిల్లాలో నిపుణుణ్ని నిలిపే బాధ్యత దానిది కాదు, ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

నా లెక్కలో సొమ్ము మొదట వెళ్లాల్సింది పసికందుల ప్రత్యేక వార్డుకు, అంటే ఎస్‌ఎన్‌సీయూకు. అక్కడ డాక్టరు బిడ్డ ఊపిరికి సాయంగా గాలి పంపే సీపాప్ గొట్టం పెడతారు. దాన్ని బిడ్డ ముక్కు మీద నిలబెట్టేది నర్సు. తల కాస్త పక్కకు తిరిగితే గొట్టం జారుతుంది, బిగిస్తే ముక్కు పుండవుతుంది. 12 పడకల వార్డుకు షిఫ్టుకు ముగ్గురు నలుగురు నర్సులు కావాలి. శిక్షణ పొంది చేయి తిరిగిన నర్సును మామూలు బదిలీల్లో జనరల్ వార్డుకు పంపేస్తే ఆ శిక్షణ ఖర్చంతా వృథా. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల భవనానికి అమెరికాలో ఉంటున్న గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థులు విరాళాలిచ్చారు. వారికి చేతులెత్తి నమస్కరించాలి. కానీ నర్సుకు నెలనెలా, ఇరవై ఏళ్లపాటు జీతం ఇచ్చే దాత ఎక్కడా దొరకడు. ఆ పని సర్కారుదే.

తర్వాతిది, ఇప్పటికే సర్కారు కొలువులో ఉన్న డాక్టర్లను చదివించడం. తమిళనాడు సూపర్ స్పెషాలిటీ సీట్లలో సగం తన ప్రభుత్వ డాక్టర్లకు కేటాయిస్తోంది. 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొనసాగనిచ్చింది. పల్లె ఆసుపత్రి అంటే ఏమిటో తెలిసినవారు, ఆ కొలువును నమ్ముకున్నవారు చదివి తిరిగి వస్తే నిలిచే అవకాశం ఎక్కువ. ప్రతిభకు అన్యాయం అనే విమర్శ దీని మీద ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. తల్లీబిడ్డల ప్రాణాల పక్కన పెట్టి చూస్తే నాకు అది ఒప్పుకోదగ్గ మూల్యంగానే తోస్తోంది. 2020 నుంచి జాతీయ పరీక్షల బోర్డు ఎంబీబీఎస్ తర్వాత చేసే రెండేళ్ల పిల్లల వైద్య డిప్లొమాను నడుపుతోంది. మన జిల్లా ఆసుపత్రులు ఆ సీట్లు తెచ్చుకుంటే వార్డులో రాత్రిపూట కూడా డాక్టరు ఉంటాడు.

మన్యం ప్రాంతాలకు మాత్రం జీతం విషయంలో బేరం ఆడకూడదు. నిపుణుడు అడిగినంత ఇవ్వడానికి జాతీయ ఆరోగ్య మిషన్ నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. దాన్ని మామూలు పిల్లల డాక్టరుకే వర్తింపజేసినా చాలు, మొదట్లో చెప్పినట్టు ఎగశ్వాసతో బండెక్కే బిడ్డల్లో చాలామందికి ప్రయాణమే తప్పుతుంది. ఒక్క షరతు. నిపుణుడి పోస్టు మంజూరు చేసే జీవోలోనే ఆ వార్డు నర్సుల పోస్టులూ ఉండాలి, మూడేళ్లపాటు వాళ్లను కదపరాదని రాసి ఉండాలి. ఆర్థిక శాఖ రెంటిలో ఒకటే ఇస్తానంటే, ఈ ఏడాదికి నర్సులనే తీసుకోవాలని నేను చెబుతాను.