గుడిమెట్ల గుట్ట: పటంలో లేనిది పోయినట్టే

తొలకరి వానలు పడితే చాలు, ఎన్టీఆర్ జిల్లా చందర్లపాడు మండలం గుడిమెట్లకు జనం వజ్రాల కోసం బారులు తీరుతారు. ఒక్క రాయి దొరికితే కష్టాలు తీరతాయన్న ఆశ వాళ్లది. తప్పు పట్టలేం. కానీ అది ఉత్త గుట్ట కాదు. చాగి రాజుల రాజధాని, అంతకు ముందటి బౌద్ధ ఆనవాళ్లున్న చోటు.

మరి కాపాడాల్సిన చోటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? దీనికి జవాబిచ్చేదే జీఐఎస్, అంటే భౌగోళిక సమాచార వ్యవస్థ. ఉపగ్రహ చిత్రం, సర్వే నంబర్లు, వాగులు, పాత ఇటుకలు దొరికిన చోట్లు పొరలు పొరలుగా ఒకే పటం మీద పేరుస్తారు. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ గీతలు కూడా దీంట్లో క్షణాల్లో గీయొచ్చు.

పటం విలువేంటో నది అవతలి అమరావతిని చూస్తే తెలుస్తుంది. 1798లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే ఇటుకల కోసం స్తూపాన్ని తవ్వేస్తున్నారు. తర్వాత ఆయన బృందం గీసిన పటాలు, బొమ్మలే పోయిన శిల్పాలకు సాక్ష్యంగా మిగిలాయి.

ఇప్పుడు ఆ పని ఇంకా తేలిక. రాష్ట్రంలో భూముల సమగ్ర రీసర్వే 2020 డిసెంబర్ 21న మొదలైంది పక్కనున్న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. డ్రోన్లు, రోవర్లతో పొలాల హద్దులు కొలిచారు. అదే పటం మీద చారిత్రక స్థలాలను ఇంకో పొరగా చేర్చడమే మిగిలింది.

ఇది ముస్లిం కుటుంబాలకూ సంబంధించిన విషయమే. 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తులను జియోట్యాగింగ్‌తో నమోదు చేయాలి. వక్ఫ్‌గా ప్రకటించే నాటికే రక్షిత కట్టడమైతే ఆ ప్రకటన చెల్లదని సవరణ చట్టం అంటోంది. అంటే ఏది ముందు, హద్దు ఎక్కడ అన్నదే రేపటి వివాదం. పాత దర్గా, ఖబ్రస్తాన్ ఎంతవరకో చెప్పగల పెద్దలు ఉండగానే కొలిపించి, పాత కాగితాలతో సరిచూసుకోవడం మేలు.

జీఐఎస్‌కు స్తూపమూ ఒకటే, ఖబ్రస్తానూ ఒకటే. ఎక్కించింది చూపిస్తుంది, ఎక్కించనిది ఖాళీ నేలగానే కనిపిస్తుంది. ఖాళీ నేల కనిపిస్తే గడ్డపార పడక మానదు.