పెట్టె మునిగింది... పాట మునగలేదు!

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వానను ఈ వైపు వాళ్లెవరూ మర్చిపోరు. సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లింది. దిగువనున్న కాలనీల్లో నీళ్లు ఇళ్లలోకే వచ్చేశాయి. చైతన్యపురిలో మేముండేది రెండో అంతస్తు కాబట్టి సరిపోయింది. మా వెనక వీధిలో గ్రౌండ్‌ఫ్లోర్‌లో ఉండే లెక్కల సార్‌కి మాత్రం ఆ రాత్రి జాగారమే. నల్గొండ జిల్లాలో 30 ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కట్టుకున్నాయన.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశారు. ‘‘బాబూ, ఒకసారి ఇంటిదాకా వస్తవా? కంప్యూటర్ మునిగింది’’ అన్నారు.

వెళ్లేసరికి పరుపులు ప్రహరీ గోడ మీద ఆరుతున్నాయి. వరండాలో వాళ్ల మనవడు కంప్యూటర్ పెట్టె ముందు కూర్చుని జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడిగాలి కొడుతున్నాడు. ప్లగ్గు కూడా పెట్టేసి ఉంది. ‘‘ఆరిపోయింది అంకుల్, ఆన్ చేసి చూద్దామా?’’ అంటూ వేలు స్విచ్ మీదికి పోనిచ్చాడు. ‘‘ఆగు నాయనా!’’ అని ముందు ప్లగ్గు పీకేశాను.

‘‘సీపీయూనే మునిగినంక ఇంకేముంటది?’’ అన్నారు సార్ నీరసంగా. ‘‘పాత సామాన్లాయన 300 ఇస్తనన్నడు. పైసల సంగతి కాదు బాబూ... మీ ఆంటీ పాటలు దాంట్లనే ఉన్నయ్.’’

సంగతేమిటంటే, 2008లో వాళ్లమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు మైకు తగిలించి ఆంటీ చేత బతుకమ్మ పాటలు, మంగళహారతులు పాడించి రికార్డు చేసింది. మొత్తం 11 పాటలు. సీడీ చేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూనే రోజులు గడిచాయి. 2015లో ఆంటీ కాలం చేశారు. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఉంటే ఆ పెట్టెలోనే.

ఆ పెట్టెలో ఎక్కడ? దీనికి జవాబు కావాలంటే లోపల ఏ భాగం ఏం చేస్తుందో తెలియాలి. ఆ రోజు డాబా మీద సార్‌కి విప్పి చూపించిందే ఈ వారం మీకూ చెబుతాను. మీ ఇంట్లోకి నీళ్లు రాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే సంగతే.

<b>పెట్టె పేరు సీపీయూ కాదు</b>

మనలో చాలామంది బల్ల కింద ఉండే పెట్టె మొత్తాన్ని సీపీయూ అనేస్తాం. నిజానికి దాని పేరు క్యాబినెట్. అది ఒట్టి రేకు డబ్బా. సీపీయూ అంటే ఆ డబ్బాలో అగ్గిపెట్టె అంత ఉండే ఒక్క చిప్పు మాత్రమే. ‘సీపీయూ పోయింది’ అనే మాట వినగానే పెట్టె మొత్తం పోయిందనుకుని పాత సామాన్లకు వేసేవాళ్లు ఎందరో! పేరులో చేసిన పొరపాటు అక్కడిదాకా తీసుకెళుతుంది.

పక్క రేకు మరలు విప్పాను. లోపల జానెడు ఎత్తున బురద గీత కనిపించింది. దాని కింద ఏమున్నాయి, పైన ఏమున్నాయి అన్నదే ఇప్పుడు లెక్క.

<b>బడి లాంటిదే సార్!</b>

సార్‌కి అర్థమయ్యేలా బడితో పోల్చి చెప్పాను. నిలువుగా బిగించి ఉన్న పెద్ద ఆకుపచ్చ అట్ట మదర్‌బోర్డు. అది బడి భవనం. మిగిలిన భాగాలన్నీ దాని మీద బిగించి గానీ, తీగలతో దానికి కలిపి గానీ ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి సమాచారం వెళ్లాలంటే ఆ అట్ట మీది సన్నని రాగి దారుల్లోంచే వెళ్లాలి. వరండాలన్నమాట!

సార్ వాళ్ల మదర్‌బోర్డు కింది సగం బురదలో మునిగింది. ఆ మూల రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆపేసినా తేదీ, టైము తప్పకుండా చూసేది అదే. ప్లగ్గు తీసేసినా అక్కడ కొద్దిపాటి కరెంటు ఉంటుంది కాబట్టి, నీళ్లు తగిలితే చిలుము పట్టడం అక్కడే త్వరగా మొదలవుతుంది. మేం చూసేసరికే పచ్చగా పట్టేసింది. ఆ బోర్డు మీద ఆశ వదులుకున్నాం.

బోర్డు పైసగంలో చిన్న ఫ్యాను, దాని కింద పళ్లు పళ్లుగా ఉన్న లోహపు దిమ్మె, ఆ దిమ్మె కింద అసలైన సీపీయూ... అంటే ప్రాసెసర్. ఇది పంతులుగారు. కూడికలు, పోలికలు, ఎవరికి ఏ పని అప్పగించాలన్న నిర్ణయాలు అన్నీ ఇదే చేస్తుంది. పని చేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి నెత్తిన ఫ్యాను తప్పనిసరి. 1971లో ఇంటెల్ విడుదల చేసిన 4004 అనే చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటి ప్రాసెసర్లలో అవి వందల కోట్లు దాటాయి. అయినా చేసే పని మాత్రం అదే... లెక్క!

అన్నట్టు, ఈ విద్యలో మన ఊరికీ వాటా ఉంది. కుషాయిగూడ దగ్గరున్న ఈసీఐఎల్ 1967లో ఏర్పడింది. దేశంలో తయారై వాడుకలోకి వచ్చిన తొలినాటి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12 ఆ సంస్థ పేరుతోనే 1969లో వచ్చింది. లెక్క చేసే భాగం వేరు, గుర్తుంచుకునే భాగం వేరు అన్న ఏర్పాటు అందులోనూ ఉంది, ఇప్పుడు మన జేబులోని ఫోన్‌లోనూ ఉంది.

‘‘ఇంత తెలివైన పంతులు గదా, పాటలు ఆయనకు గుర్తుండవా?’’ అన్నారు సార్.

ఉండవు. ప్రాసెసర్ దేన్నీ దాచుకోదు.

<b>నల్లబల్ల... బీరువా</b>

ప్రాసెసర్ పక్కనే స్కేలు ముక్కలాంటి సన్నని పట్టీ నిలబెట్టి ఉంటుంది. అది ర్యామ్. ఇది తరగతి గదిలో నల్లబల్ల. పంతులుగారు ఇప్పుడు చేస్తున్న లెక్కంతా దాని మీదే ఉంటుంది. మీరు ఒక పాట పెడితే, లెటర్ టైపు చేస్తుంటే, ఇంటర్నెట్‌లో రిజల్ట్స్ చూస్తుంటే ఆ పనులన్నీ ఆ క్షణానికి ర్యామ్ మీదే నడుస్తాయి. బల్ల పెద్దదైతే ఒకేసారి నాలుగు లెక్కలు వేసుకోవచ్చు. చిన్నదైతే ఒకటి చెరిపి ఇంకోటి రాయాలి. కంప్యూటర్ నత్తలా నడవడానికి ఒక కారణం ఇదే.

అయితే బడి గంట కొట్టగానే నల్లబల్ల తుడిచేస్తారు కదా! కరెంటు పోగానే ర్యామ్ కూడా అంతే. ఒక్క ముక్క మిగలదు. సేవ్ చేయకముందే కరెంటు పోతే గంటసేపు టైపు చేసింది మాయమైపోయేది అందుకే.

మరి సేవ్ చేసిందంతా ఎక్కడికి పోతుంది? హెడ్మాస్టరుగారి గదిలోని బీరువాలోకి. అదే హార్డ్‌డిస్క్. రిజిస్టర్లు, మార్కుల జాబితాలు, టీసీలు... బడికి తాళం వేసినా, కరెంటు లేకపోయినా బీరువాలో పెట్టినవి చెక్కుచెదరవు.

పాత రకం హార్డ్‌డిస్క్ అంటే అరచేతి కన్నా కొంచెం పొడవుండే బరువైన లోహపు పెట్టె. లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. వాటి మీద అయస్కాంతపు గుర్తుల రూపంలో సమాచారం ఉంటుంది. చదివే ముల్లు పళ్లేన్ని తాకదు. తల వెంట్రుక మందం కన్నా వేల రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. నడుస్తున్నప్పుడు కుదుపు తగిలితే ముల్లు పళ్లేన్ని గీకేస్తుంది. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్‌లో 50 పెద్ద పళ్లేలుండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒకటి రెండు ఫొటోలకే ఆ చోటు సరిపోతుంది!

కొత్త కంప్యూటర్లలో దీని బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటోంది. అందులో తిరిగే పళ్లేలు ఉండవు, అన్నీ చిప్పులే. కుదుపులకు బెదరదు, వేగం చాలా ఎక్కువ. చేసే పని మాత్రం బీరువాదే.

‘‘అంటే మీ ఆంటీ పాటలు...’’

‘‘బీరువాలో ఉన్నయ్ సార్.’’

ముగ్గురం పెట్టెలోకి తొంగిచూశాం. హార్డ్‌డిస్క్ ముందువైపు అరలో బిగించి ఉంది. బురద గీత దానికి నాలుగు వేళ్ల కిందే ఆగిపోయింది.

<b>కరెంటు పంచే పెద్దమనిషి</b>

సంబరపడేముందు ఇంకో భాగం గురించి కూడా చెప్పాలి. పెట్టె వెనక, గోడ ప్లగ్గు నుంచి వచ్చే తీగ తగిలే డబ్బా ఎస్‌ఎంపీఎస్. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటును తీసుకుని 12, 5, 3.3 వోల్టులుగా తగ్గించి ఎవరికి ఎంత కావాలో అంతే పంచుతుంది. లోపలి భాగాలన్నీ దీని దయ మీద బతికేవే. మనవడు గనక ఆ స్విచ్ వేసి ఉంటే, తడి బురద మీదుగా కరెంటు పారకూడని చోటికి పారి, తడవని హార్డ్‌డిస్క్‌కి కూడా ఎసరు పెట్టే ప్రమాదం ఉండేది. వేడిగాలికి పైన ఆరినట్టు కనిపించినా చిప్పుల కింద, సందుల్లో తడి రోజుల తరబడి ఉంటుంది. ఇంకో మాట... ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు కొంతసేపు నిల్వ ఉంటుంది.

మానిటర్, కీబోర్డు, మౌస్, స్పీకర్లు అన్నీ బడికి కిటికీలు, తలుపుల్లాంటివి. మనం చెప్పేది లోపలికి, అది చెప్పేది బయటికి. పోతే కొత్తవి కొనుక్కోవచ్చు.

<b>సార్ వేసిన లెక్క</b>

నాలుగు మరలు విప్పి హార్డ్‌డిస్క్‌ని బయటికి తీశాను. పొడి గుడ్డతో తుడిచి, రెండు రోజులు గాలి తగిలే చోట నీడన ఉంచాం. మూడో రోజు సాయంత్రం హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే చిన్న అడాప్టర్ తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. గుయ్‌మని తిరిగే చప్పుడు వినిపించింది. కాసేపటికి ఫోల్డర్లు తెర మీదికొచ్చాయి. ‘అమ్మ పాటలు’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి ఉన్న ఫోల్డర్‌లో 11 ఫైళ్లూ ఉన్నాయి.

మొదటిది నొక్కాను. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు, ‘షురూ చెయ్యన్నా?’ అన్న ప్రశ్న, ఆ తర్వాత పాట. సార్ లేచి వెళ్లి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. పాట అయ్యేదాకా ఎవరం మాట్లాడలేదు.

తర్వాత ఆయనే అన్నారు... ‘‘బడి మునిగింది గానీ బీరువా పైఅరల రిజిస్టర్లు తడువలె. అంతే గదా బాబూ!’’

నేను పది నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. ఎంతైనా లెక్కల సార్!

ఆ రాత్రే ఆ పాటలు మూడు చోట్లకు చేరాయి... ఒక పెన్‌డ్రైవ్‌లోకి, అమ్మాయి దగ్గరికి, మనవడి ఫోన్‌లోకి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ లాంటివి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఈ 11 పాటలు ఏ షాపులోనూ దొరకవు. కంప్యూటర్‌లో డబ్బు పెట్టి తిరిగి కొనలేనిది మనం బీరువాలో దాచుకున్న సరుకు ఒక్కటే.

<b>ఇవి గుర్తుంచుకోండి</b>

<b>తడిస్తే:</b> ముందు ఇంటి మెయిన్ ఆపండి, తర్వాత ప్లగ్గు తీయండి. ఆన్ చేసి చూడకండి. హార్డ్‌డిస్క్ నీళ్లలో మునిగితే మాత్రం మీరు ఆరబెట్టవద్దు, మూత విప్పవద్దు, బియ్యంలో పెట్టవద్దు. చాలా హార్డ్‌డిస్క్‌లకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. అందులోంచి లోపలికి వెళ్లిన మురికి ఎండితే పళ్లేలకు అంటుకుపోతుంది. తడిగా ఉండగానే కవర్లో పెట్టి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడం మేలు.

<b>నెమ్మదిస్తే:</b> కొత్తది కొనేముందు ర్యామ్ పెంచితే, పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుందేమో మెకానిక్‌ని అడగండి. చాలాసార్లు సరిపోతుంది.

<b>తేదీ తప్పుతుంటే:</b> బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. అంతకుమించి కంగారు పడాల్సిందేమీ లేదు.

<b>ఉన్నట్టుండి ఆగిపోతుంటే:</b> ఫ్యానుకు దుమ్ము పట్టిందేమో, ఎస్‌ఎంపీఎస్ బలహీనపడిందేమో చూపించండి.

<b>హార్డ్‌డిస్క్ టిక్‌టిక్‌మంటుంటే:</b> మిగతా పనులన్నీ ఆపి, ముఖ్యమైనవి వెంటనే ఇంకోచోటికి కాపీ చేసుకోండి.

<b>పాత సామాన్లకు వేసేముందు:</b> హార్డ్‌డిస్క్ తీసి ఇంట్లో ఉంచుకోండి. ఫొటోలే కాదు, బ్యాంకు కాగితాలు కూడా అందులో ఉండొచ్చు.

ఇంకొక్క పని. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ ఇంటి కంప్యూటర్‌లో ఒకే ఒక్క చోట ఉన్న ఫొటోలు, పాటలు ఏమేమున్నాయో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. వాటిని ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మీ చెల్లెలి ఇంట్లోనో, అన్నయ్య ఇంట్లోనో పెట్టండి. చెరువు పొర్లినా రెండిళ్లూ ఒకేసారి మునగవు కదా!