యంత్రము మ్రోగక మునుపు

గడచిన విద్యాసంవత్సరమున మన పాఠశాలలో జరిగిన శాస్త్ర ప్రదర్శనమందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు మానవుని మెదడు పటమును అట్టపై నంటించి నిలిపెను. పటము చక్కగానే యుండెను. బూడిదరంగు మెదడుపై అచ్చటచ్చట ఎఱ్ఱని మచ్చలు, పసుపుపచ్చని మచ్చలు. ఒకదాని ప్రక్కన "కోపము" అనియు, మఱియొకదాని ప్రక్కన "భయము" అనియు, మూడవదాని ప్రక్కన "గణితము" అనియు వ్రాసి బాణపు గుర్తులుంచినాడు. చూడవచ్చిన తలిదండ్రులు మిక్కిలి మెచ్చుకొనిరి. ఒక తండ్రి నవ్వుచు, "మా వానికి ఆ మూడవ మచ్చ లేదు కాబోలునండి" అనెను. నేనును నవ్వితిని. ఈ మచ్చలను ఎవరు, ఏ విధముగా, ఎంత పనిమీద సంపాదించిరని ఆ బాలుని అడుగవలసినదని నాకప్పుడు తోచలేదు. వేసవి సెలవులలో కలిగిన యొక చిన్న పరాభవము వలన తోచినది.

మన పాఠశాలలో చదివి, ఇప్పుడొక నగరమందలి పరిశోధనాలయమున పనిచేయుచున్న పూర్వవిద్యార్థిని యొకతె నన్ను తన ప్రయోగమునకు రమ్మని పిలిచినది. నలువది యేండ్లు దాటినవారు కొందరు ఆమెకు కావలసియుండిరి. "మాస్టారూ, మీరు ఎం.ఆర్.ఐ. యంత్రములో ఒక గంటసేపు కదలక పడుకొనిన చాలును, చూపిన మాటలను చదివి మీట నొక్కవలెను, అంతే" అని వ్రాసెను. సంతోషముతో పోయితిని. ద్వారము కడనే యంత్రమును నడుపు ఉద్యోగి, ఒక యువకుడు, నా చేతికొక ప్రశ్నల కాగితమిచ్చెను. గుండెకు పేస్‌మేకరు అమర్చిరా? తలకు శస్త్రచికిత్స జరిగినదా? ఇట్టివి. వానిలో నొకటి: ఎప్పుడైనను కంటిలో లోహపు నలుసు పడినదా? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేతిపని నేర్చుకొను దినములలో, సానచక్రము ముందు నిలుచుండగా, నా కుడికంట ఇనుప నలుసు పడిన మాట నిజమే. వైద్యుడు తీసివేసెను. ఇరువది యేండ్ల నాటి మాట. ఉన్నదున్నట్లు వ్రాసితిని.

ఆ యువకుడు చదివి, "నలుసు పూర్తిగా వచ్చినట్లు వైద్యులిచ్చిన కాగితమేమైన కలదా అండీ?" అని యడిగెను. లేదంటిని. "అయితే ఈ దినమున మిమ్ములను లోనికి పంపజాలను. కంటికి ఎక్సురే తీయించుకొని రండి" అనెను. నా శిష్యురాలి ముఖము చిన్నబోయినది. ఆ గంట ఆమె పేర వ్రాయబడిన గంట. తరువాతి గంట వేఱొక విభాగమువారిది. ఆమె ఆచార్యులు వచ్చి, "ఇరువది యేండ్లుగా లేని బాధ ఇప్పుడేల కలుగును?" అని యడిగిరి. ఉద్యోగి మెల్లగా, "కలుగకపోవచ్చును సార్. కాని పంపను" అనెను. ఆచార్యులు మఱి మాటాడలేదు. నేను బస్సెక్కి తిరిగి వచ్చితిని. దారి పొడుగున నాకు కోపముగానే యుండెను.

ఇంటికి వచ్చి ఆ శాస్త్రమును గూర్చి చదువ నారంభించిన పిమ్మట నా కోపము సిగ్గుగా మారినది. ఆ యంత్రమొక మహా అయస్కాంతము. దానిలోని తీగచుట్టలను ద్రవ హీలియముతో సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లార్చి యుంచుదురు. అంతటి చల్లదనమున తీగ విద్యుత్తును అడ్డగించు గుణము నశించును గనుక, ఒకసారి ప్రవేశపెట్టిన ప్రవాహము తిరుగుచునే యుండును. పరిశోధనాలయములలో సాధారణముగా వాడు యంత్రముల బలము 3 టెస్లాలు. మన ప్రాంతమున దిక్సూచి ముల్లును త్రిప్పు భూమి బలమునకు ఇది 60,000 రెట్లకు మించినది. దీపము నార్పినట్లు దీనినార్పుటకు వీలులేదు. రాత్రియందును, సెలవు దినములందును, గదిలో ఎవ్వరును లేనప్పుడును అది లాగుచునే యుండును. కంటిలో మిగిలిన ఇనుప నలుసు దాని యెదుట కదలిన యెడల కన్నే పోవచ్చును. అట్లు ఒక కన్ను కోల్పోయిన లోహపు పనివాని సంగతిని 1986లో అమెరికా వైద్య పత్రిక యొకటి ప్రకటించినది. 2001లో న్యూయార్కు రాష్ట్రమందలి యొక ఆసుపత్రిలో, యంత్రమందు పడుకొనియున్న ఆరేండ్ల బాలుని తలకు, గదిలోనికి తేబడిన ప్రాణవాయువు సిలిండరు ఎగిరివచ్చి తగిలెను, బాలుడు మరణించెను. 2018 జనవరిలో ముంబయి నగరమున రోగికి తోడుగా వచ్చిన 32 ఏండ్ల యువకుడు అట్టి సిలిండరునే చేతబట్టి లోనికి పోయి ప్రాణము కోల్పోయెను. యంత్రము నడచుట లేదని అచ్చట తమతో చెప్పిరని ఆతని బంధువులు పత్రికలవారితో ననిరి.

కావున ద్వారమువద్ద జరుగు పని మర్యాదకై చేయు తతంగము కాదు. మన ప్రాంతమున ఈ పని మఱింత కష్టమని నా శిష్యురాలు చెప్పినది. చీరకు పెట్టిన పిన్నీసులు ఎన్నో కట్టుకొనిన యామెకే జ్ఞాపకముండదు. తలలోని పిన్నులు, మట్టెలు, మొలత్రాటికి కట్టిన తాయెత్తు, మెడలోని సిలువ గొలుసు, అన్నిటిని గూర్చి అడుగవలెను. మంగళసూత్రమును తీయుమని పెద్ద ముత్తైదువతో చెప్పవలసివచ్చినప్పుడు చదువు ఒక్కటే చాలదు. ముందటి దినముననే ఇంటివద్ద నెమ్మదిగా చెప్పి, సమ్మతించినవారినే పిలుచుట మంచిదని ఆమె నేర్చుకొన్నది. ఇదియును పరిశోధనలో భాగమే యని నేను భావించుచున్నాను. కాని యే శాస్త్రపత్రికయు దీనికి మార్కులు వేయదు.

ఇక ఆ మచ్చల సంగతి. అవి తలంపునకు తీసిన ఫొటోలని మనలో ననేకులనుకొందురు. 1880ల దశకమున ఇటలీ దేశీయుడగు ఆంజెలో మోస్సో యను శాస్త్రవేత్త మనుష్యుని త్రాసువంటి బల్లపై పడుకొనబెట్టి, ఆతడు ఆలోచించునప్పుడు రక్తము చేరి తలవైపు బరువెక్కునా యని పరీక్షించెను. నేటి యంత్రము వెదకునదియు రక్తమునే. మెదడులో పనిచేయు భాగమునకు ప్రాణవాయువు గల రక్తము అధికముగా వచ్చును; ప్రాణవాయువు గల రక్తమునకును, లేని రక్తమునకును అయస్కాంత గుణమున భేదము కలదు. ఈ భేదమును పటమునకు ఉపయోగింపవచ్చునని 1990లో సీజీ ఒగావా యను జపాను దేశీయుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చూపెను. 1992 నాటికి మనుష్యులయందు దీనిని ప్రయోగించిరి. అయితే ఆ మార్పు ఎంతటిది? సాధారణముగా నూటికి ఒకటి రెండు వంతులు. అదియును తలంపు కలిగిన ఐదారు సెకనులకు గాని శిఖరమునకు రాదు. పొయ్యి వెలిగించుట చూడక, కప్పుమీదికి వచ్చిన పొగను చూచి లోపల వంట యగుచున్నదని యూహించుట వంటిది ఈ విద్య.

ఇంత సన్నని మార్పును వెదకునప్పుడు పడుకొనినవాని తల కొంచెము కదలినను లెక్క చెడును. మిల్లీమీటరులో కొంత భాగము కదలినను మెదడు భాగముల నడుమ లేని సంబంధములు ఉన్నట్లును, ఉన్నవి తగ్గినట్లును కనబడునని 2012లో అమెరికా పరిశోధకులు తెలిపిరి. బాలురు పెద్దలకంటె ఎక్కువ కదలుదురు. కావున పెరుగుదల వలన కలిగినదనుకొన్న భేదములో కొంత కేవలము కదలిక వలన కలిగినదేమో యని పండితులు పూర్వపు లెక్కలను మఱల చూచుకొనవలసివచ్చెను. ఉపాధ్యాయులమగు మనము దీనిని గుర్తింపవలెను. బాలుని మెదడు ఇట్టిది, కనుక పాఠము అట్లు చెప్పవలెను అని చెప్పు పుస్తకములు మన బల్లలమీదికి వచ్చుచున్నవి. ఆ బాలుడు కదలకుండ పడుకొన్నాడా యని యడిగినవారెందరు? మంచి పరిశోధనాలయములలో అయస్కాంతము లేని ఉత్తి గొట్టమొకటి చేసియుంచి, బాలురను ముందుగా దానిలో పడుకొనబెట్టి, చప్పుడును వినిపించి, భయము తీర్చి, కదలక యుండుట నేర్పుదురు. ఆ యాటగొట్టము ముందు గడపిన కాలము వృథా కాలము కాదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ప్రశ్నను వ్రాసిపెట్టుకొనుట. మెదడు పటమును లక్ష చిన్న గడులుగా భాగించితిమనుకొందము. వేయికొక పొరపాటు మాత్రమే వచ్చు పరీక్షతో ఒక్కొక్క గడిని శోధించినను, ఏమియు లేని మెదడులో కూడ దాదాపు నూఱు గడులు వెలుగును. పదవ తరగతి విద్యార్థి యెవ్వడైనను ఈ లెక్క చేయగలడు. 2009లో క్రెయిగ్ బెన్నెట్టును, అతని సహచరులును చచ్చిన సాల్మన్ చేపను యంత్రమందుంచి, మనుష్యుల ఫొటోలను దానికి చూపి, వీరి మనోభావమేమని యడిగిరి! తగిన సవరణ లేని లెక్కలో చేప మెదడున కొన్ని గడులు వెలిగినవి. సవరణ చేయగా అన్నియు ఆరిపోయినవి. చూచినవారు నవ్విరి, కాని ఆ నవ్వు తమమీదనే యని యెఱుగుదురు. 2016లో ఎక్లుండ్, నికొల్స్, క్నుట్సన్ అను మువ్వురు, వాడుకలోనున్న కొన్ని లెక్కల పద్ధతులలో నూటికి 5 ఉండవలసిన తప్పులు 70 వరకు పెరుగవచ్చునని చూపిరి. 2020లో ప్రకటింపబడిన వేఱొక పరిశీలనలో 70 బృందములకు ఒకే దత్తాంశమును, 9 ప్రశ్నలను ఇచ్చి చూడగా, ఏ రెండు బృందములును ఒకే మార్గమున లెక్క చేయలేదు. జవాబులును అనేక ప్రశ్నలకు కలియలేదు. అందఱును విద్వాంసులే. ముందుగా మార్గమును వ్రాసి యుంచనివాడు తనకు నచ్చిన జవాబు వచ్చువరకు మార్గములను మార్చుచు పోవుటకు ఎంత వీలున్నదో చూడుడు.

పోల్చుటకు వాడు మూలపటము కూడ ముందుగా ఎన్నుకొనవలసినదే. కెనడాలోని మాంట్రియల్ నగరమున అచ్చటి మనుష్యుల మెదడులనుండి తయారుచేసిన మూలపటమును లోకమంతయు వాడుచున్నది. 2019లో హైదరాబాదులోని ఐ.ఐ.ఐ.టి. పరిశోధకులు నూఱుగురు భారతీయుల పటములనుండి మన దేశపు మూలపటమును సిద్ధపఱచిరి. తెలుగు దేశమున జరిగిన ఈ పనిని మన ప్రదర్శనములలో ఎవ్వరును అట్టపై నంటించుట నేను చూడలేదు.

ఈ యంత్రము ఏ యొక్కరిదియు కాకపోవుటచే చిక్కులు ఇబ్బడియగును. ఒకే యంత్రమును పలు విభాగములవారు గంటల చొప్పున పంచుకొందురు. ఒకడు పది నిమిషములాలస్యము చేసిన, దినాంతమున ఒకని గంట పోవును. ఒకడు అమరికను మార్చి చెప్పక పోయిన, తరువాతివాని మూడు నెలల పని చెడును. చెడినదని తెలియుటకు మఱి మూడు నెలలు పట్టును. అందుచే నియమముగా ద్రవముతో నింపిన గోళమొకటి లోపల పెట్టి, నిన్నటి పటమును నేటి పటమును సరిపోవుచున్నవా యని చూతురు. పటములకు పేర్లు పెట్టుటలో కూడ ఒకే పద్ధతి యుండవలెనని 2016లో బిడ్స్ అను నియమావళిని ప్రకటించిరి. "కొత్తది", "చివరిది", "అసలు చివరిది" అని పేర్లు పెట్టుకొనినవారు వారిలోను చాలమంది యుండిరి కాబోలు. మన రసాయనశాలలోని త్రాసు సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. ఉదయపు తరగతివారు దానిమీద ఉప్పు చల్లి పోవుదురు. మధ్యాహ్నపు తరగతివారు తప్పు తూకము వ్రాసి నాచేత చీవాట్లు తినెదరు. ఈ యన్యాయమును నేను ఎనిమిదేండ్లుగా చూచుచు, ఉప్పు చల్లినవారిని పట్టుకొనలేకపోతిని.

ఇన్ని నిబంధనలు పడుచు పరిశోధకుల ఉత్సాహమును చంపునని కొందరందురు. దీనిలో కొంత నిజము కలదు. చదువకయే సంతకము పెట్టించు కాగితము ఎవ్వరిని కాపాడదు. అట్టి కాగితములు మన దేశమున కొల్లలు. ఒక్క గంట పోయిన ఆ యేటి పట్టమే వెనుకబడు పేద విద్యార్థిని బాధయు చిన్నది కాదు. అయినను నా అభిప్రాయమిది: ద్వారమువద్ద నిలుచువాని "వద్దు" అను మాట ఆచార్యుని మాటకు పైన నిలువవలెను; పరిశోధన ప్రకటింపబడునప్పుడు అతని పేరును అందుండవలెను. సాధారణముగా ఉండదు. జీతము తీసికొను పనికి పేరెందుకందురు. ఆచార్యులును జీతము తీసికొనుచునే యున్నారు గదా.

నేను ఎక్సురే తీయించుకొంటిని. కన్ను నిర్మలముగా నున్నదని వ్రాసియిచ్చిరి. జూను మాసమున మఱల పోయితిని. ఆ యువకుడే నా జేబులు వెదకి, చెవులలో బిరడాలు పెట్టి, భయమైన నొక్కుమని రబ్బరు బంతిని చేతికిచ్చి, అనుకోని దేదైన పటములో కనబడిన యెడల ఎవరికి తెలుపవలెనో నా చేతనే వ్రాయించి లోనికి పంపెను. యంత్రము మ్రోగినప్పుడు బోదెలోపల తల పెట్టి ఎవరో సుత్తితో కొట్టుచున్నట్లుండెను. నలువది నిమిషములు బాగుగానే గడపితిని. పిమ్మట దగ్గు వచ్చినది.

నెల దినములకు ఆమె యుత్తరము వ్రాసెను. నా తల రెండు మిల్లీమీటర్లకు మించి కదలినదట. అంత కదలినవారిని విడిచిపెట్టవలెనని ప్రయోగము మొదలుపెట్టకముందే ఆమె వ్రాసియుంచుకొన్నదట. కావున నా పటములు లెక్కలోనికి రాలేదు, క్షమింపుడని వ్రాసినది. ఆ యుత్తరమును రానున్న ప్రదర్శనమున ఆ బాలుని మచ్చల పటము ప్రక్కన నంటించుటకు అనుమతి యడిగితిని. ఇచ్చినది. బాలుడు మాత్రము, అట్టమీద చోటు చాలదని ఇప్పటినుండియే నాతో వాదించుచున్నాడు.