జాబితాలో లేని బిడ్డ

దంపతులు విడిపోయేటప్పుడు జమాత్ పెద్దల సమక్షంలో మెహర్ లెక్క తేలుతుంది. పుట్టింటివారు పెట్టిన బంగారం, బీరువా, మంచం జాబితాకెక్కుతాయి. బిడ్డ సంగతి మాత్రం తరచు "తల్లి దగ్గర ఉంటాడులే" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. చదువు ఖర్చు ఎవరిది, తండ్రి ఎప్పుడు చూడాలి అన్నవి కాగితంపైకి రావు. మైలవరం, జమ్మలమడుగు ప్రాంతపు కుటుంబాలు ఈ లోపాన్ని సరిదిద్దుకోవాలని మేము కోరుతున్నాము.

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం కుమారునికి ఏడేళ్లు నిండేవరకు, కుమార్తె యుక్తవయస్సుకు చేరేవరకు పెంపకపు హక్కు, అనగా హిజానత్, తల్లిది. పోషణ భారం తండ్రిది. బిడ్డ తల్లి వద్ద ఉన్నంత మాత్రాన అది తీరిపోదు. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ముస్లిం పిల్లల పోషణ హక్కును నిలబెట్టింది. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద న్యాయస్థానాలు ప్రధానంగా చూసేది బిడ్డ క్షేమాన్నే.

మన కడప జిల్లాలో మరో చిక్కు ఉన్నది. బతుకుతెరువుకై తల్లో తండ్రో కువైట్ వెళితే బిడ్డ నానీ వద్దనో దాదీ వద్దనో పెరుగుతుంది. అప్పుడు ఆ వృద్ధురాలి చేతికి సొమ్ము ఎవరు, ఎప్పుడు పంపాలో కూడా తేల్చుకోవాలి.

కావున నెలసరి పోషణ, చదువు ఖర్చు, కలుసుకునే రోజులు, ఈద్ నాడు బిడ్డ ఉండే ఇల్లు ఒప్పంద పత్రంలోనే రాయించండి. పెద్దల వల్ల కాకుంటే న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, పిల్లలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

సొమ్ము రాలేదని బిడ్డను చూపకపోవడం, చూపలేదని సొమ్ము ఆపడం రెండూ అన్యాయమే. రెండింటా నష్టపోయేది బిడ్డే.