భూమి నిబంధనలు ప్రజలకు తెలియవలదా?

ఇల్లు కట్టదలచినవాడు మేస్త్రిని పిలుచుటకు ముందు ఆ స్థలమునకు చట్టము విధించిన నిబంధన యేదియో విచారింపవలెను. క్రయపత్రము చేతికి వచ్చినంతనే సర్వస్వాతంత్ర్యము లభించెనని మనవారిలో పెక్కురు తలచుచున్నారు. స్వామ్యము వేరు, వినియోగము వేరు. భూమి యెవ్వరిదో దస్తావేజు చెప్పును. అందేమి చేయవచ్చునో దస్తావేజు చెప్పదు.

దీనికి కొల్లేరుకంటె గొప్ప నిదర్శనము మన సీమలో లేదు. 1999లో ప్రభుత్వము 120వ నంబరు జి.ఓ. ద్వారా సముద్రమట్టమునకు ఐదడుగుల కాంటూరు వరకు గల ప్రదేశమును, అనగా 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యముగా ప్రకటించెను. జిరాయితీ భూములును ఆ హద్దులో చిక్కినవి. 1970వ దశకమున సహకార సంఘములచే చేపలచెరువులు త్రవ్వించినదియు ప్రభుత్వమే. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేర చెరువుగట్లను తెగగొట్టించినదియు ప్రభుత్వమే. నడుమ నలిగినవాడు పేదరైతు. పట్టా కలదు, పన్ను రసీదు కలదు. కాని కాంటూరు కంటికి కానవచ్చు గట్టు కాదు గదా!

సరస్సును రక్షింపవలదని మేము చెప్పుటలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను కొల్లేరు తనలో నిలుపుకొని ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పంపుచున్నది. నీటికి చోటు కావలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఆ సత్యమును చాటినది. నిబంధన న్యాయమైనదే. దానిని దాచియుంచుట అన్యాయము.

హద్దును మూడడుగుల కాంటూరునకు కుదింపవలెనని 2008లో శాసనసభ తీర్మానించెను. తీర్మానమాత్రమున హద్దు మారదు. అందులకు జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావలెనని చట్టము. ‘రేపో మాపో హద్దు తగ్గును’ అను దళారి మాట నమ్మి బయానా యిచ్చువాడు ఆ మాటనే కొనుచున్నాడు, భూమిని కాదు.

పట్టణములందును స్థితి భిన్నము కాదు. మదరాసు రాష్ట్రమున పట్టణప్రణాళికా చట్టము 1920లోనే పుట్టినది. శతాబ్దము గడచినను అది సామాన్యుని చెవిని పడలేదు. తాడేపల్లిగూడెము చుట్టు వరిచేలు ఇండ్లస్థలములగుచున్నవి. కొనువారు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు చూచి తృప్తిపడుచున్నారు. అది పూర్వపు క్రయములను, తనఖాలను మాత్రమే తెలుపును. రిజిస్ట్రేషను చట్టము 22-ఏ క్రింది నిషిద్ధభూముల జాబితాలో సర్వే నంబరు లేకున్నంత మాత్రమున కట్టడమునకు అనుమతి యున్నట్లు కాదు. ఆ స్థలము మాస్టరుప్లానులో నివాసమునకా, వ్యవసాయమునకా, రాబోవు రోడ్డునకా కేటాయింపబడినదో ఏలూరు నగరపాలక సంస్థలోనో, గూడెము పురపాలక సంఘములోనో, స్థలము దేని పరిధిలోనిదో అచ్చటి పట్టణప్రణాళికా విభాగమున వ్రాతమూలకముగా అడుగవలెను. లేఅవుటునకు ఆమోదము కలదా యనియు అచ్చటనే తేల్చుకొనవలెను. నోటిమాట సాక్ష్యము కాదు. జవాబు రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవలెను. ముప్పది దినములలో బదులీయవలసిన విధి అధికారిది. కొల్లేటి చాంతాడువలె సాగు తిరుగుళ్లకు అదియే మందు.

కాని భారమంతయు కొనువానిపైననే మోపుట ధర్మము కాదు. అభయారణ్యమును ఏర్పరచునపుడు దాని హద్దులను చుట్టుప్రక్కల ప్రతి గ్రామమందును ప్రాంతీయభాషలో కలెక్టరు ప్రకటింపవలెనని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే విధించుచున్నది. ఒక్కమారు చాటి ఊరకుండిన చాలదు. భూమి చేతులు మారుచుండును, తరములు మారుచుండును. ఐదడుగుల కాంటూరు పొడవున ఱాళ్లు పాతవలెను. సర్వే నంబర్లతో కూడిన తెలుగు పటము ప్రతి పంచాయతీ గోడపైనను, ప్రతి గ్రంథాలయమందును వ్రేలాడవలెను. మాస్టరుప్లాను పటమునకును ఇదియే న్యాయము.

చట్టము తెలియదనుట సాకు కాదని న్యాయస్థానములు చెప్పుచున్నవి. మంచిదే. తెలియజేయని ప్రభుత్వమునకు మాత్రము ఆ సాకు చెల్లునా? పటము గోడనెక్కువరకు ప్రతి పంచాయతీ సభలోను, పురపాలక సమావేశములోను ఈ ప్రశ్నను అడుగుట పౌరుల విధియని మా నిశ్చితాభిప్రాయము.